మా వియ్యపురాలి చికెన్ ఉండలు

ఈసారి వంట గురించి రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ఇది చికెన్ వంట. చికెన్ తినని వాళ్ళు కూడా చదవచ్చు. వండిన నేనే తినను.

వంట పేరు చికెన్ మీట్‌బాల్స్, పాస్టా. అమెరికాలో పెరిగిన మీకు ఇది కొత్త కాదు, స్కూల్ కెఫెటీరియాలోనే తిని ఉంటారు. నేను మాత్రం మొదటిసారి చేసింది 2024 మార్చిలో, పిస్కాటవేలో మా వంటింట్లో. అప్పటికి నాకు అరవై దాటి చాలా రోజులయింది.

ముందు ఒక మాట నేర్చుకుందాం. వియ్యపురాలు. మీ అమ్మాయి అత్తగారు మీకు ఏమవుతారు? వియ్యపురాలు. మామగారు వియ్యంకుడు. రెండు కుటుంబాలు కలిస్తే "వియ్యం అందుకున్నారు" అంటారు. "కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి" అని మా అమ్మ అనేది. కయ్యం అంటే దెబ్బలాట. రెండు మాటలూ ఒకేలా వినిపించడం ఊరికే కాదేమో అని మా ఆయన జోకు.

ఇంగ్లీషులో ఈ మాట లేదు. అందుకని మా అమ్మాయి అత్తగారు నన్ను ఎనిమిదేళ్ళ పాటు అందరికీ "మా కోడలి తల్లి" అని పరిచయం చేశారు. నేను ఆవిడని "మా అమ్మాయి అత్తగారు" అన్నాను. ఎలా చెప్పినా మా ఇద్దరి మధ్యలో మా అమ్మాయి నిలబడాల్సిందే. ఇటాలియన్‌లో అయితే మాట ఉందట, కొన్సువోచెరా. ఇది నాకు ఆవిడ పోయిన తర్వాత తెలిసింది. ఆవిడ తాతలు నేపుల్స్ దగ్గర పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. అయినా ఆ మాట ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ఆవిడకీ ఇటాలియన్ రాదు మరి. నాలుగు తిట్లు, వంటింటి మాటలు, అంతే. అంటే ఆవిడ కూడా మనలాంటి మనిషే! రికోటాని "రిగోట్" అనేవారు. మొజరెల్లాని "మొత్సరెల్" అనేవారు. న్యూజెర్సీలో ఇటాలియన్ వాళ్ళు చాలామంది ఇలాగే చివరి అచ్చు మింగేస్తారు. దక్షిణ ఇటలీ పల్లెల యాస అలాగే వచ్చింది. మన తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని పొగిడేదేమో మాటలు అచ్చులతో ముగుస్తాయని. నిజం ఇటాలియన్ వాళ్ళ మనవరాలు మాత్రం అచ్చులు వదిలేసింది. నాకు అప్పుడు నవ్వొచ్చేది.

ఆవిడ ఇల్లు రారిటన్‌లో. చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన జాన్ బాసిలోన్ అనే సైనికుడి ఊరు అది. అక్కడ ఆయన విగ్రహం ఉంది, ఏటా సెప్టెంబర్‌లో పరేడ్ చేస్తారు. ఆ పరేడ్‌కి రమ్మని ఆవిడ మమ్మల్ని రెండుసార్లు పిలిచారు.

ఇప్పుడు నా సంగతి. నేను ఆదివారాలు బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వర గుడిలో సేవ చేస్తాను. పూజ దగ్గర కాదు, వంట దగ్గర. కూరగాయలు తరగడం, పోపు సామాను డబ్బాల్లో నింపడం, గిన్నెలు సర్దడం. రారిటన్ బ్రిడ్జ్‌వాటర్‌ని ఆనుకునే ఉంటుంది. గుడి నుంచి ఆవిడ ఇంటికి కారులో పది, పదిహేను నిమిషాలు. వాళ్ళకి ఆదివారం డిన్నర్ అంటే రాత్రి కాదు, మధ్యాహ్నం రెండు గంటలకి. నా సేవ ఒంటి గంటకి అయిపోతుంది. లెక్క మీకు అర్థమయింది కదా.

ఆవిడ పిలిచేవారు. నేను "గుడిలో పని ఉందండీ" అనేదాన్ని. అబద్ధం కాదు, నిజమూ కాదు. అసలు కారణం వాసన. వాళ్ళ ఇంట్లో ఆదివారం పొద్దున్న తొమ్మిదికే పొయ్యి మీద పెద్ద గిన్నె పెడతారు. గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి ఉండలు చేసి టమాటా పులుసులో గంటలు గంటలు ఉడికిస్తారు. నీచు వాసన గుమ్మంలోకే వచ్చేది. (నీచు అంటే చేపలు, మాంసం వాసన. మంచి మాట, కానీ భోజనానికి పిలిచిన వాళ్ళ దగ్గర అనకండి.)

నేను పుట్టుకతో శాకాహారిని కాదు. మాది విజయనగరం వైపు కుటుంబం. నాన్న రైల్వేలో ఉద్యోగం, ఖరగ్‌పూర్‌లో. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, స్కూల్లో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఎవరూ నేర్పలేదు. ఆదివారం వస్తే అమ్మ మేక మాంసం కైమా తెప్పించి కైమా ఉండల పులుసు చేసేది. నాకు అదంటే ప్రాణం. 2011లో మా ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఆపరేషన్ గది బయట కూర్చుని వేంకటేశ్వర స్వామికి మొక్కుకున్నాను, ఆయన బాగైతే మాంసం మానేస్తానని. ఆయన బాగయ్యారు. నేను మానేశాను. ఆయన మానలేదు! ఎందుకు మానాలి, మొక్కుకున్నది నేను కదా. కానీ మా ఇంట్లో మాంసం వండడం కూడా అప్పటితో ఆగిపోయింది. ఆయన బయట తింటారు. లేదా వియ్యపురాలి ఇంట్లో తినేవారు. నేను లేకుండా ఆయన ఒక్కరే ఆ ఆదివారం డిన్నర్‌లకి చాలాసార్లు వెళ్ళారు. నేను వెళ్ళింది నాలుగు సార్లు. ఎనిమిదేళ్ళలో నాలుగు.

2024 ఫిబ్రవరిలో ఆవిడ పోయారు. నిద్రలోనే.

మన దగ్గర చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టాలు, పక్కింటి వాళ్ళు అన్నం తెస్తారు. వాళ్ళకీ అదే పద్ధతి అని అప్పుడు చూశాను. అల్యూమినియం ట్రేలలో బేక్‌డ్ జిటీ వచ్చింది, ఒకటి కాదు, ఆరు. నేను పెరుగన్నం తీసుకెళ్ళాను. ఆ ట్రేల మధ్యలో నా స్టీలు గిన్నె ఒక్కటీ వేరుగా కనపడింది. మా అల్లుడు పెరుగన్నమే తిన్నాడు. ఆకలితో తిన్నాడో, నా కోసం తిన్నాడో.

తర్వాత ఒక నెలకి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, మిగతా రోజులు బాగానే ఉంటున్నాడు. ఆదివారం వస్తే ఏం చెయ్యాలో తెలియట్లేదు. మధ్యాహ్నం రెండు అయ్యేసరికి కారు తీసుకుని ఎక్కడికో వెళ్ళిపోతాడు, ఒక గంటకి వస్తాడు." నేను ఏమీ అనలేదు. అది కాసేపు ఆగి, "నువ్వు చెయ్యగలవా?" అంది. ఏమిటో చెప్పలేదు. నాకు అర్థమయింది.

ఆ రాత్రి వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. ఆవిడ వంట కార్డు. పెన్సిల్‌తో రాసింది, మూలల్లో నూనె మరకలు. బ్రెడ్, పాలు, గుడ్డు, చీజ్, పార్స్లీ, వెల్లుల్లి. ఏదీ ఎంతో రాయలేదు. బ్రెడ్ పక్కన మాత్రం ఒక్క మాట ఉంది, ఇంగ్లీషులో: "చాలినంత".

నేను తెలుగు చదవడం నేర్చుకున్నది 2020లో, గుడి మూసేసి ఇంట్లో కూర్చున్నప్పుడు. మొదట అమ్మ వంట పుస్తకం పట్టుకున్నాను. సరుకుల పేర్లు నాకు చెవికి తెలుసు కాబట్టి కంటికి తొందరగా వచ్చాయి. కందిపప్పు, చింతపండు, ఇంగువ. ప్రతి వంట కింద ఒక మాట కనిపించేది: "ఉప్పు – తగినంత". తగిన, అంత. సరిపడేటంత. నాకు కోపం వచ్చేది. తెలిస్తే నేను పుస్తకం ఎందుకు చూస్తాను? ఆ కార్డు చూసినప్పుడు నాకు అమ్మ పుస్తకమే చూసినట్టుంది. ఇద్దరూ ఎంత వెయ్యాలో చెప్పరు. పక్కన నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది. నేను నిలబడలేదు.

కార్డు కింద ఇంకో లైను ఉంది, వేరే పెన్నుతో, తర్వాత రాసింది. "చికెన్ – వాళ్ళు వచ్చినప్పుడు. ఉల్లిపాయ ఎక్కువ, మిరప గింజలు."

వాళ్ళు అంటే మేము. మా ఆయన గొడ్డు మాంసం, పంది మాంసం తినరు. ఆయన కోసం ఆవిడ తాతల నాటి వంటని మార్చారు. ఈ సంగతి నాకు తెలీదు. మా ఆయనకి తెలుసు, "అవును, నాకు వేరేగా చేసేవారు కదా" అన్నారు, ఏదో వాతావరణం గురించి చెప్పినట్టు.

అయినా నేను మొక్కుకున్న మనిషిని. తర్వాతి ఆదివారం గుడిలో బీన్స్ తరుగుతూ, నాతో పాటు సేవ చేసే పెద్దావిడ ఒకరిని అడిగాను. నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అక్కయ్యగారూ అంటాను. "అక్కయ్యగారూ, నేను ఇంట్లో చికెన్ వండచ్చా?" 

ఆవిడ కత్తి ఆపలేదు. "నువ్వు మొక్కుకున్నది తిననని కదా?"

"తిననని."

"వండనని కాదు కదా?"

"కాదండీ."

"మరింకేం? శనివారం మాత్రం పెట్టుకోకమ్మా. వండాక తలంటుకుని రా." ఇంకో గుప్పెడు బీన్స్ నా ముందు పెట్టారు.

(తినను, తిననని, తిననని కాదు. నెగెటివ్‌లు ఎంత తేలిగ్గా అతుక్కుంటాయో చూడండి. నాకు ఇవి రాయడం రావడానికి ఏడాది పట్టింది.)

సరే, వంట.

చికెన్ కోసం స్టెల్టన్ రోడ్ వైపు ఒక హలాల్ షాపుకి వెళ్ళాను. తొడ మాంసం కైమా కొట్టి ఇమ్మన్నాను. రొమ్ము మాంసంలో కొవ్వు తక్కువ, ఉండలు ఎండిపోతాయి. ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాములు. కొత్త మూకుడు, కొత్త గిన్నె కొన్నాను. పదమూడేళ్ళ తర్వాత పచ్చి మాంసం చేత్తో ముట్టుకున్నాను. చల్లగా, జిగురుగా ఉంది. ఒక్క నిమిషం అలాగే నిలబడ్డాను. వాసన రాలేదు, చెప్పాలంటే. వస్తుందని భయపడ్డాను, అంతే.

మొదటిసారి పాడు చేశాను. అది కూడా రాస్తాను, ఎందుకంటే మీరూ ఇదే తప్పు చేస్తారు. అన్నీ గిన్నెలో వేసి, చపాతీ పిండిలాగా బాగా పిసికాను. మా అమ్మ కైమాని అలాగే పిసికేది అని గుర్తు. కానీ అమ్మది మేక మాంసం, అందులో పుట్నాల పొడి, గసగసాలు వేసేది. చికెన్ కైమాలో నీరు ఎక్కువ. ఎంత పిసికితే అంత సాగుతుంది, ఉడికాక గట్టిపడి రబ్బరు బంతి అవుతుంది. మా ఆయన ఒకటి నోట్లో వేసుకుని నమిలారు. చాలాసేపు నమిలారు. "గుండె ఆపరేషన్ తర్వాత ఇంత కష్టం పడలేదు" అన్నారు.

రెండోసారి కార్డు మళ్ళీ చూశాను. బ్రెడ్, పాలు. బ్రెడ్‌ని పాలలో నానబెట్టాలి. అది ఊరికే ఖర్చు తగ్గించడానికి వేసేది కాదు. నానిన బ్రెడ్ తేమని పట్టుకుని ఉంచుతుంది, మాంసాన్ని బిగుసుకోనివ్వదు. పుట్నాల పొడి చేసే పని కొంత ఇదే. మొదట కొంచెం బీదతనం కూడా ఉందిలెండి. ఇటలీలో ఈ ఉండలని పోల్‌పెత్తె అంటారు, చిన్నవి, ఎక్కువగా పాస్టాతో కలపరు, విడిగా తింటారు. 1880 నుంచి 1920 దాకా దక్షిణ ఇటలీ నుంచి లక్షల మంది అమెరికా వచ్చారు. అక్కడ మాంసం పండక్కి దొరికేది, ఇక్కడ చవక. ఉండలు పెద్దవయ్యాయి, స్పగెట్టి మీదకి ఎక్కాయి. అంటే ఇది ఇటలీ వంట కాదు, వలస వచ్చినవాళ్ళ వంట. 

నేను కుదుర్చుకున్న కొలతలు ఇవి. రెండు స్లైసుల తెల్ల బ్రెడ్, అంచులు తీసేసి, పావు కప్పు పాలలో నానబెట్టి మెత్తగా మెదపాలి. (మెదపడం: వేళ్ళతో నలిపి ముద్ద చెయ్యడం. పప్పు మెదుపుతాం కదా, అదే.) ఒక గుడ్డు. ఒక చిన్న ఉల్లిపాయ తురిమి, రసం పిండెయ్యాలి. రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక గుప్పెడు పార్స్లీ. చూడ్డానికి కొత్తిమీరే, వాసన చూస్తే కాదు. అరచెంచా మిరప గింజలు. మూడో వంతు కప్పు పార్మిజాన్ చీజ్. చీజ్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు ముప్పావు చెంచా చాలు.

చీజ్ గురించి ఒక్క మాట. అసలైన పార్మిజానో రెజ్జానోలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వేస్తారు. శాకాహారం అనుకుని చాలామంది మనవాళ్ళు తినేస్తూ ఉంటారు. కావాలంటే రెన్నెట్ మొక్కల నుంచో, ఫంగస్ నుంచో తీసినది వాడిన చీజ్ దొరుకుతుంది, లేబుల్ మీద రాసి ఉంటుంది. నేను గుడిలో ఈ సంగతి చెప్తే ఇద్దరు నాతో రెండు వారాలు మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి, కలపడం. కలిపీ కలపనట్టు కలపాలి. ఈ తెలుగు ఎంత బాగుందో చూడండి. చూసీ చూడనట్టు, వినీ విననట్టు, తినీ తిననట్టు. ఒక పని చేశాం, చెయ్యలేదు, రెండూ నిజమే. వేళ్ళు విడదీసి, పైపైన, చీజ్ అంతటా కనిపించేదాకా తిప్పి ఆపెయ్యాలి. అంతా అయ్యాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. తర్వాత చేతులు తడి చేసుకుని, గారెల పిండి తీసుకున్నట్టే తీసుకుని, చిన్న నిమ్మకాయంత ఉండలు చెయ్యాలి. నొక్కకూడదు. నాకు పద్దెనిమిది వచ్చాయి. గారెలు చేసే చెయ్యి అయితే ఇది తొందరగా పట్టుబడుతుంది.

రుచి చూడలేను కదా అని నేను ముందు బాధపడ్డాను. తర్వాత తట్టింది, పచ్చి చికెన్ ఎవరూ రుచి చూడకూడదు. ఈ విషయంలో ఆవిడా నేనూ సమానమే. అందరూ చేసేది ఒకటే, ఒక చిన్న ఉండ వేయించి ఎవరికైనా పెట్టడం. మా ఆయన వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. 

"ఉప్పు?"

"తగినంత."

ఆ మాటకి ఇన్నేళ్ళకి మొదటిసారి నాకు అర్థం దొరికింది.

ఉండల్ని ఆలివ్ నూనెలో దోరగా వేయించాలి. లోపల ఉడకక్కర్లేదు, పైన రంగు వస్తే చాలు. తర్వాత పులుసులో ఉడుకుతాయి. పులుసు అంటున్నాను కానీ ఆవిడ దాన్ని "గ్రేవీ" అనేవారు. న్యూజెర్సీ ఇటాలియన్ వాళ్ళు చాలామంది టమాటా సాస్‌ని గ్రేవీ అంటారు. మన వాళ్ళూ కూరలో రసాన్ని గ్రేవీయే అంటాం. పెళ్ళి మాటలప్పుడు మేమిద్దరం ఒకే మాట వాడి ఐదు నిమిషాలు వేరే వేరే వంటల గురించి మాట్లాడుకున్నాం.

గ్రేవీకి 28 ఔన్సుల టమాటా డబ్బా ఒకటి. మా నాయనమ్మ టమాటాని రామ్ములక్కాయ్ అనేది. రామములగ అని రాస్తారు. ఆవిడ దాన్ని మన ఊరి కాయే అనుకునేది. ఇటలీ వాళ్ళూ తమదే అనుకుంటారు. అది అమెరికా ఖండాల నుంచి అందరికీ వచ్చింది. నూనెలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, ఎర్రబడక ముందే టమాటాలు చేత్తో నలిపి వెయ్యాలి. ఉప్పు. అరగంట సన్న సెగ మీద ఇగరనివ్వాలి. ఇగరడం అంటే నీరు తగ్గి చిక్కబడడం. బేసిల్ ఆకులు నాలుగు చివర్లో. బేసిల్ మన తులసికి దగ్గర చుట్టం, మనం షర్బత్‌లో వేసే సబ్జా గింజలు ఈ మొక్కవే. అయినా తులసి కోటలో చెయ్యి పెట్టకండి, కొట్లో కొనండి.

ఇక్కడ నేను ఒక గిన్నెడు గ్రేవీ ముందే తీసి పక్కన పెట్టుకున్నాను, నా కోసం. తర్వాత ఉండలు వేసి, మూత కొంచెం తెరిచి, పదిహేను నిమిషాలు. మధ్యలో 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ పెట్టి చూశాను. తినని మనిషికి చూసి చెప్పడం కుదరదు, థర్మామీటరే దిక్కు.

స్పగెట్టి ఒక పౌండు. ప్యాకెట్ మీద పదకొండు నిమిషాలు అని ఉంటే తొమ్మిదికి దించాలి. కొంచెం పలుకు ఉండాలి. పలుకు అంటే మాట, మీకు తెలుసు. అన్నం మెతుకు లోపల ఉడకకుండా మిగిలిన గట్టి చుక్క కూడా పలుకే. అన్నంలో పలుకు ఉంటే అత్తగారు తిడతారు, పాస్టాలో పలుకు లేకపోతే ఇటాలియన్ వాళ్ళు తిడతారు. ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి. అది గంజి. ఒక గరిటెడు గ్రేవీలో పోస్తే పాస్టాకి పట్టుకుంటుంది. ఈ కిటుకు వాళ్ళ టీవీ వంటవాళ్ళు గొప్పగా చెప్తారు. గంజి విలువ మనకి ఒకరు చెప్పాలా.

ఆ ఆదివారం గుడికి రానని ముందే చెప్పాను. రెండు గంటలకి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. మా అల్లుడు, అమ్మాయి, ఆరేళ్ళ మనవరాలు వచ్చారు. తలుపు తీయగానే వాసన వాళ్ళ వరకు వెళ్ళింది. మా అల్లుడు బూట్లు విప్పుతూ ఆగిపోయాడు. ఒక బూటు కాలికే ఉంది.

మేము ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. తెలుగులో అయితే నేను అతన్ని ఎదురుగా "మీరు" అనాలి, అల్లుడు కదా. ఇంగ్లీషులో ఆ ఇబ్బంది లేదు. అతను నన్ను "అత్తయ్యా" అంటాడు, త దగ్గర నాలిక తడబడుతుంది, అయినా మానడు.

నేను వడ్డించాను. మనవరాలు, "అమ్మమ్మా, నువ్వు చికెన్ చేశావా? స్వామికి కోపం రాదా?" అంది. మా అమ్మాయి దాన్ని కసిరింది. అల్లుడు ఒక ఉండ ఫోర్కుతో రెండు చేశాడు. తిన్నాడు. "అమ్మ చేసినట్టే ఉంది" అంటాడేమో అని నేను చూస్తున్నాను, దాచడం ఎందుకు. అతను అనలేదు. "అమ్మ ఇంకొంచెం ఉల్లిపాయ వేస్తుంది" అన్నాడు. వేసేది అనలేదు, వేస్తుంది అన్నాడు. తర్వాత ఆరు తిన్నాడు. గ్రేవీ బ్రెడ్‌తో తుడుచుకుని తిన్నాడు.

నేను నా ప్లేటులో ఉత్త గ్రేవీ, పాస్టా వేసుకుని కూర్చున్నాను. అతను నా ప్లేటు చూశాడు.

"అత్తయ్యా, మీరు వంకాయవి ఎప్పుడైనా తిన్నారా?"

"ఏ వంకాయవి?"

అప్పుడు చెప్పాడు. దక్షిణ ఇటలీలో మాంసం లేనివాళ్ళు వంకాయతో ఇవే ఉండలు చేసేవాళ్ళట. వాళ్ళ అమ్మ ఎక్కడో చదివి నేర్చుకుందట, నా కోసం. ఆదివారం మేము వస్తామేమో అనుకున్నప్పుడల్లా ఒక చిన్న గిన్నెలో చికెన్‌వి మా ఆయనకి, ఇంకో చిన్న గిన్నెలో వంకాయవి నాకు. నేను రాకపోతే సోమవారం ఆఫీసుకి అతనే డబ్బాలో తీసుకెళ్ళేవాడట. "నాకు వంకాయ అసలు ఇష్టం లేదు. ఎన్ని తిన్నానో" అని నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తుడుచుకున్నాడు. మా అమ్మాయి లేచి నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

నాకు గుర్తొచ్చింది. నేను వెళ్ళిన నాలుగు సార్లలో ఒకసారి, బల్ల చివర ఒక ఆకుపచ్చ గిన్నె ఉంది, పైన ఫాయిల్ కప్పి. ఆవిడ దాన్ని నా వైపు జరిపారు. నేను చెయ్యి అడ్డం పెట్టి, "గుడిలో ప్రసాదం తిని వచ్చానండీ, కడుపు నిండిపోయింది" అన్నాను. ఫాయిల్ కింద ఏముందో అడగలేదు. మాంసమే అనుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు. నాకు కాఫీ ఇచ్చారు. ఆ ఇంటికి నేను వెళ్ళీ వెళ్ళనట్టే వెళ్ళాను.

అల్లుడితో ఈ గిన్నె సంగతి ఆ రోజు చెప్పలేదు. రెండు వారాల తర్వాత చెప్పాను. "అది కాసిరోల్ గిన్నె, మా ఇంట్లో ఉంది" అన్నాడు. తర్వాతి ఆదివారం ఆ గిన్నె తెచ్చి మా వంటింట్లో పెట్టాడు. ఏమీ అనలేదు. అతనూ వాళ్ళ అమ్మలాగే.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం డిన్నర్ రెండున్నరకి. సేవ అయ్యాక ఇంటికి రావడానికి అరగంట, స్నానానికి ఇంకాస్త. ఉండలు శుక్రవారమే చేసి ఫ్రీజర్‌లో పెడతాను. అక్కయ్యగారు చెప్పినట్టు శనివారం ముట్టుకోను. అల్లుడు మధ్యాహ్నం కారు తీసుకుని ఎక్కడికీ వెళ్ళట్లేదట. కార్డు మీద చికెన్ లైను కింద నేను నా కొలతలు రాసి అమ్మాయికి ఫొటో పంపాను, ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగుది అది ఇంకా చదవలేదు. మనవరాలు అక్షరాలు కూడబలుక్కుని "ఉ... ప్పు" దాకా వచ్చింది.

వంకాయవి మాత్రం ఇంకా కుదరలేదు. ఆ వంటకి కార్డు దొరకలేదు. మూడుసార్లు చేశాను, రెండుసార్లు నూనెలో విడిపోయాయి, మూడోసారి విడిపోలేదు గానీ ముద్దగా ఉన్నాయి. నేను మన నీలం వంకాయలు, గుత్తి వంకాయకి వాడేవి, తెచ్చాను. అవి కాదు, పెద్ద నల్ల వంకాయ తెచ్చి, నిప్పు మీద కాకుండా ఓవెన్‌లో కాల్చి, గుజ్జు జల్లెడలో వేసి రాత్రంతా నీరు దిగనివ్వాలని అల్లుడు అంటున్నాడు. తినడం ఇష్టం లేకపోయినా పక్కన నిలబడి చూశాడు కదా. బ్రెడ్ ఎంత వెయ్యాలి అని అడిగితే చేతులు రెండూ దోసిలి పట్టి చూపించాడు. వచ్చే ఆదివారం అతన్నే వంటింట్లోకి రమ్మన్నాను.